నూట పాతిక రూపాయల లెక్క

తల్లుల ఖాతాల్లో వేలు పడుతున్న కాలంలో, పదో తరగతి పరీక్ష ఫీజు కాగితం పేదరికాన్ని ఇంకా ఏడాదికి 20 వేల రూపాయలతోనే కొలుస్తోంది. సర్కారు బడి ఖర్చు ఎక్కడ మిగిలిపోయిందో ఏలూరు జిల్లా చింతలపూడి మెట్ట నుంచి ఒక పరిశీలన.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసే రెగ్యులర్ విద్యార్థి అన్ని సబ్జెక్టులకూ కలిపి కట్టవలసిన ఫీజు 125 రూపాయలు. బడి ఖర్చును ముఖచిత్ర కథనంగా ఎంచుకున్న సంపాదకుల మనసులో ఉన్నది ఈ అంకె కాదు. తల్లుల ఖాతాల్లో జమ అయ్యే నగదు, పిల్లల భుజాలకెక్కే కొత్త సంచులు, వాటి చుట్టూ పార్టీల మధ్య ఏటా జూన్‌లో నడిచే వాదోపవాదాలు. గడువు దగ్గర పడుతుండగా తిరగేసిన జీవోలు, మార్గదర్శకాలు, సర్వే నివేదికల గుట్టలో నిజంగా ప్రాణమున్న కాగితం మాత్రం వేరొకటి: ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయం పబ్లిక్ పరీక్షలకు నాలుగైదు నెలల ముందు విడుదల చేసే ఫీజు నోటిఫికేషన్. ఎవరు ఎంత కట్టాలో చెప్పే పట్టిక కన్నా, ఎవరు కట్టనక్కర లేదో చెప్పే నాలుగైదు పంక్తులు అందులో ఎక్కువ విషయం బయటపెడతాయి.

ఆ పంక్తుల ప్రకారం ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు ఫీజు మినహాయింపు ఉంది. అయితే తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామాల్లో 20 వేల రూపాయలకు, పట్టణాల్లో 24 వేలకు మించకూడదు, భూమి ఉంటే మాగాణి రెండున్నర ఎకరాలకు, మెట్ట అయిదెకరాలకు లోబడి ఉండాలి. మాగాణి అంటే కాలువ నీటితో పండే భూమి, మెట్ట అంటే వానమీదా బోరుమీదా ఆధారపడిన నేల. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా ఏలూరు జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. ఇతర కులాలకు చెందిన పేద విద్యార్థికి ఆ మినహాయింపు దారి కూడా లేదు.

ఇరవై వేల రూపాయలను ఏడాది రోజులకు పంచితే ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు 55 రూపాయలు కూడా రావు. నలుగురున్న ఇంట్లో తలకు 14 రూపాయలు దాటదు. ఈ పరిమితి ఎంత అసాధ్యమైనదో తెలుసుకోవడానికి ఆర్థిక శాస్త్రం అవసరం లేదు, జాబ్ కార్డు చాలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ కూలి పూర్తిగా పడిందనుకుంటే, ఇంటిమొత్తంలో ఒకరు 65 రోజులు మట్టిపని చేసినప్పుడు వచ్చేది 19,955 రూపాయలు. 66వ రోజు పలుగు పట్టగానే ఆ కుటుంబం, మరే ఆదాయమూ లేకపోయినా, పరీక్ష ఫీజు లెక్కలో పేదరికం దాటిపోతుంది. ఆ ఏడాది గ్రామీణ కుటుంబానికి ఉపాధి హామీ చట్టం మాట ఇచ్చిన పని 100 రోజులు, అంటే 30,700 రూపాయలు. చట్టప్రకారం హక్కుగా దొరికే పనిని పూర్తిగా చేసుకున్న కుటుంబం 125 రూపాయల మినహాయింపుకు అనర్హమవుతుందన్న మాట.

ఇదే రాష్ట్రంలో బియ్యం కార్డుకు గ్రామాల్లో ఆదాయ పరిమితి నెలకు 10 వేల రూపాయలు, అంటే ఏడాదికి లక్షా 20 వేలు. తల్లి ఖాతాలో నగదు వేసే ‘తల్లికి వందనం’ పథకానికీ అదే కొలబద్ద, దానికి ముందున్న ‘అమ్మ ఒడి’కీ అదే. భూమి విషయంలో ఆ పథకాలు మాగాణి మూడెకరాల వరకు, మెట్ట పదెకరాల వరకు అనుమతిస్తాయి. కాబట్టి చింతలపూడి మండలంలో ఆరెకరాల మామిడి తోట ఉన్న బీసీ రైతు ఒక కాగితం ప్రకారం 13 వేల రూపాయల సాయానికి అర్హుడైన పేద, మరో కాగితం ప్రకారం 125 రూపాయలు కూడా మాఫీ చేయనక్కర లేని సంపన్నుడు. రెండు కాగితాలూ విద్యాశాఖ ఛత్రం కింద నుంచి వచ్చేవే, రెండూ ఒకే బిడ్డకు సంబంధించినవే. ఒకదాని పేదరికపు గీత రెండోదానికి ఆరు రెట్లు.

మినహాయింపు కోరేవారు తహసీల్దారు జారీచేసిన ఆదాయ ధ్రువీకరణ పత్రం జతపరచాలి. అందుకు గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి, వీఆర్వో విచారణ జరగాలి, తహసీల్దారు కార్యాలయం నుంచి పత్రం వెలువడాలి. ఇందులో ఒక్క రోజు పని పోయినా పోగొట్టుకున్న కూలి ఫీజుకు రెట్టింపు పైమాటే. దానికితోడు 20 వేల లోపు ఆదాయమని నిజాయితీగా రాసి ఇవ్వగల అధికారి గాని, రాయించుకోగల కుటుంబం గాని ఉండడం దుర్లభం కాబట్టి, ఈ మినహాయింపు అబద్ధం చెప్పగలిగిన వాళ్లకు అందుబాటులోనూ నిజం చెప్పే వాళ్లకు దూరంగానూ ఉండే ఏర్పాటుగా మారింది. కట్టేయడమే నయం అనుకునే తండ్రి లెక్క తప్పినవాడు కాడు.

ఫీజు అడిగే వేళ కూడా గమనించదగినదే. పూర్వం పశ్చిమ గోదావరిలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చిన చింతలపూడి, తెలంగాణలోని సత్తుపల్లికి పొరుగున ఉన్న మెట్ట ప్రాంతం. నూజివీడు, ముసునూరు, చాట్రాయి మీదుగా ఇటు వరకు సాగే మామిడి నేలలో చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ ఏప్రిల్ నుంచి జూన్ వరకు కోతకు వస్తాయి. కాయ కోసేవారికి, గ్రేడింగ్ చేసేవారికి, బుట్టలెత్తేవారికి, లారీ నింపేవారికి చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఆ రెండు మూడు నెలలే. పదో తరగతి ఫీజు మాత్రం అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య వరకు, చెట్టుకు పూత కూడా రాని రోజుల్లో కట్టాలి. ఆ నెలల్లో ఊళ్లో పనే ఉండదని చెప్పడం సరికాదు: పొగాకు నాట్లుంటాయి, మొక్కజొన్న పనులుంటాయి, పామాయిల్ తోటల్లో గెలల కోత ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. కాని తోట కూలినే నమ్ముకున్న ఇంటికి అది చేతులు ఖాళీగా ఉండే కాలం.

గడువు తప్పిన వారి మీద నోటిఫికేషన్ జాలి చూపదు. 2025 మార్చి పరీక్షలకు నవంబరు 11 వరకు ఆలస్య రుసుము లేకుండా ఫీజు తీసుకున్నారు. 18 దాకా 50 రూపాయలు, 25 దాకా 200 రూపాయలు, 30 దాకా 500 రూపాయలు అదనం. మూడు వారాలు నిండకుండానే 125 రూపాయల బాకీ 625 రూపాయలైంది. ధర్మవడ్డీ కాదు సరిగదా, వడ్డీ వ్యాపారి సైతం ఇంత తొందరపడడు. వయసు తక్కువైన విద్యార్థికి అనుమతి రుసుము 300, పై చదువుకు పొరుగు రాష్ట్రం వెళ్లదలచిన వారికి మైగ్రేషన్ సర్టిఫికెట్ 80 వేరు. చింతలపూడి నుంచి చూస్తే ఆ పొరుగు రాష్ట్రం బస్సెక్కితే గంట లోపు దూరం.

చాలా బడుల్లో ఈ మొత్తాన్ని ప్రధానోపాధ్యాయుడో, తరగతి మాస్టారో, పూర్వ విద్యార్థులో చడీచప్పుడు లేకుండా కట్టేస్తుంటారు. అది మెచ్చదగిన పనే. అయితే ప్రభుత్వం మానేసిన పని జేబులోంచి జరిగిపోతున్నంత కాలం ఆ అంకెలను ఎవరూ తిరిగి చూడరు. దయ ఇక్కడ నిబంధనకు ఊతకర్రలా పనిచేస్తోంది.

ఎనిమిదితో ఆగిన చట్టం

ఇంతకీ ఉచిత విద్య హక్కైన దేశంలో ఈ ఫీజు ఎలా నిలిచిందన్న ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 2009లో పార్లమెంటు ఆమోదించి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం మూడో సెక్షన్ ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ప్రాథమిక విద్యను ఉచితం చేస్తూ, బోధన రుసుము ఒక్కదానితో సరిపెట్టక, చదువు కొనసాగించడానికీ పూర్తి చేయడానికీ అడ్డుపడే ఏ రకమైన ఫీజు గాని, ఖర్చు గాని పిల్లల మీద వేయరాదని చెప్పింది. చాలా విశాలమైన రక్షణ అది. కాని ఆ చట్టం దృష్టిలో ప్రాథమిక విద్య ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకానే. తొమ్మిది, పది తరగతుల్లో పుస్తకాలు, దుస్తులు, భోజనం రాష్ట్రం తన ఇష్టపూర్వకంగా ఇస్తున్నవే తప్ప చట్టం బలవంతపెట్టినవి కావు. పరీక్ష ఫీజు సరిగ్గా ఆ రక్షణ ముగిసిన చోట నిలబడి ఉంది.

ఈ కథ వెనుక చరిత్ర పెద్దదే గాని ఇక్కడ నాలుగు మాటలకే చోటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్ల చేత బడుల లెక్క తీయించినప్పుడు, తెలుగు, కన్నడ భాషలు కలగలిసిన బళ్లారి జిల్లా నుంచి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక, వీధి బళ్లకు చెల్లించే స్తోమత జనంలో తగ్గిపోయిందనీ, పసివాళ్ల శ్రమ ఇంటికి అవసరమై చదువులు ఆగిపోతున్నాయనీ నమోదు చేసింది. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం, 1950లో రాజ్యాంగం 45వ అధికరణంలోని ఆదేశం, 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో విద్యను హక్కుగా గుర్తించిన సుప్రీంకోర్టు తీర్పు, 2001 నవంబరు 28న వండిన మధ్యాహ్న భోజనం పెట్టమన్న అదే కోర్టు ఉత్తర్వు, 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పొయ్యి వెలగడం, ఇలా మెట్టు మెట్టుగా వచ్చిందే నేటి ఉచిత విద్య. ప్రతి మెట్టులోనూ కుటుంబం మీద ఉన్న ఏదో ఒక పద్దు ప్రభుత్వం పద్దులోకి మారింది. మారకుండా మిగిలినవి చిన్నవి, విడివిడివి, ఎవరి పేరూ లేనివి.

నలభై రూపాయల కుట్టుకూలి

పేరు లేని అంకెలకు మరో ఉదాహరణ బడి సంచిలోనే ఉంది. 2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో మొదలైన ‘జగనన్న విద్యా కానుక’ కింద సర్కారు బడి పిల్లలకు మూడు జతల యూనిఫాం గుడ్డ, పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు, బెల్టు, సంచి ఒకే కిట్టుగా ఇచ్చారు. మరుసటి ఏడాది నిఘంటువు చేరింది. ప్రభుత్వం మారాక 2025 జూన్ నుంచి అదే కిట్టు ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’ పేరుతో వస్తోంది. ఎవరి పేరున ఇచ్చినా ఇది మెచ్చుకోవలసిన పథకం. జూన్‌లో పుస్తకాల కొట్టు ముందు, చెప్పుల కొట్టు ముందు తల్లిదండ్రులు పడే హైరానాను ఇంత సూటిగా తగ్గించిన ఏర్పాటు ఇటీవలి కాలంలో మరొకటి లేదు. బూట్లు వేసుకుని బడికి పోవడం కాన్వెంటు పిల్లల గుర్తుగా ఉన్న ఊళ్లలో ఆ ఒక్క వస్తువు విలువ దాని ధర కన్నా చాలా ఎక్కువ.

అయితే కిట్టులో వచ్చేది గుడ్డ, కుట్టిన దుస్తులు కావు. కుట్టించుకునేందుకు తల్లుల ఖాతాలకు విడిగా కుట్టుకూలి ఇస్తారు: ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు జతకు 40 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు 80 రూపాయలు. మూడు జతలకు కలిపి చిన్న తరగతుల వారికి 120, పెద్ద తరగతుల వారికి 240. చొక్కాకు, నిక్కరుకు కలిపి 40 రూపాయలు పుచ్చుకుని, దారం, గుండీలు, కాజాలు, జిప్పు కూడా తనవే వేసి కుట్టి ఇచ్చే టైలరు చింతలపూడిలోనే కాదు, జిల్లాలో ఎక్కడా దొరకడు. మిగతా డబ్బు ఇంటివాళ్లే వేసుకోవాలి. కేంద్రం సమగ్ర శిక్ష కింద రెండు జతల యూనిఫాంకు విద్యార్థికి 400 రూపాయలుగా ఉన్న కేటాయింపును 2018లో 600 చేసింది; పథకం పేరు రాష్ట్రంలో ఎన్నికతో పాటు మారింది; కుట్టుకూలి మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్నట్టుంది.

డబ్బుతో పాటు అదనుకు సంబంధించిన చిక్కు కూడా ఉంది. గుడ్డ అందరికీ బడి తెరిచే రోజుల్లోనే అందితే ఊళ్లోని నాలుగైదు మిషన్ల మీద వందల జతలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఇంట్లో మిషను ఉన్నవాళ్లకు చింత లేదు, ముందుగా డబ్బిచ్చినవాళ్ల జతలు ముందు పూర్తవుతాయి, మిగిలినవాళ్ల పిల్లలు పాత జతతోనో రంగుల బట్టలతోనో జూలై దాకా నెట్టుకొస్తారు. అందరూ ఒకేలా కనబడాలన్న యూనిఫాం ఉద్దేశం సరిగ్గా మొదటి నెలలోనే దెబ్బతింటుంది.

సరిహద్దు అవతల

చింతలపూడి నుంచి సత్తుపల్లి రోడ్డు పట్టుకుని రాష్ట్రం దాటితే పద్ధతి మారుతుంది. తెలంగాణలో గుడ్డను పిల్లలకు ఇవ్వకుండా మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇచ్చి, కొలతలు తీయించి, రెండు జతలు కుట్టించి బడికి చేరుస్తారు. 2024లో అక్కడి ప్రభుత్వం సంఘాలకిచ్చే కుట్టుకూలిని జతకు 50 రూపాయల నుంచి 75 రూపాయలకు పెంచింది. అదీ గొప్ప మొత్తమేమీ కాదు. పైగా తల్లి మీద పడే లోటు అక్కడ కుట్టే మహిళ మీద పడుతుందన్న విమర్శకు తావుంది. కొలతలు సరిపోక పిల్లలు వదులు చొక్కాలతో తిరగడం కూడా ఆ పద్ధతికి ఉన్న పాత జబ్బే. అయినా కుట్టే బాధ్యత ఎవరిదన్న విషయంలో అక్కడ సందిగ్ధం లేదు, బిడ్డ చేతికి వచ్చేది తొడుక్కోగలిగిన బట్ట. తెలంగాణ మూడో జత, ఆంధ్రప్రదేశ్ కుట్టిన జత ఒకరి నుంచి మరొకరు నేర్చుకోవడానికి నడుమ ఉన్నది కొద్ది కిలోమీటర్లే.

నగదు, దాని తేదీ

తల్లి ఖాతాలో నగదు వేయడం 2020 జనవరి 9న చిత్తూరులో ‘అమ్మ ఒడి’గా మొదలైంది. బిడ్డలెందరున్నా తల్లికి ఏడాదికి 15 వేల రూపాయలే. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అన్న భేదం లేదు. 75 శాతం హాజరు షరతు. రెండో విడత 2021 జనవరి 11న ఇచ్చారు. జనవరి అంటే సంక్రాంతి నెల, బడి ఖర్చు నెల కాదు; విద్యాసంవత్సరం సగం దాటాక వచ్చిన డబ్బు పండగకో, పాత అప్పుకో పోవడంలో తల్లుల తప్పేమీ లేదు. 2022 జూన్ 27న ఇచ్చిన మూడో విడతతో తేదీ బడి తెరిచే రోజులకు జరిగింది, అది ఆ పథకంలో జరిగిన అతి తెలివైన మార్పు. కోత సీజను ముగిసే వేళ, చేతిలో ఉన్న తోట కూలికి తోడుగా అది చేరుతుంది. 2023 జూన్ విడత తరువాత మధ్యలో ఒక జూన్ ఖాళీగా గడిచి, 2025 జూన్ 12న ‘తల్లికి వందనం’ మొదలైంది. ఇందులో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ వేరుగా లెక్క కట్టి 67.27 లక్షల మంది విద్యార్థుల తరఫున 8,745 కోట్ల రూపాయలు జమ చేశారు.

ఇక్కడా ఒక చిన్న పంక్తి ఉంది. ప్రకటించిన మొత్తం 15 వేలు, ఖాతాలో పడేది 13 వేలు. 2021లో మరుగుదొడ్ల నిర్వహణ పేరిట వెయ్యి రూపాయలు, 2022లో దానికి పాఠశాల నిర్వహణ పేరిట మరో వెయ్యి కలిపి మినహాయించడం మొదలైంది; దాన్ని తీవ్రంగా విమర్శించిన పక్షం అధికారంలోకి వచ్చాక కూడా ఆ రెండు వేల కోత అలాగే నిలిచింది. 67.27 లక్షల మందికి రెండు వేల చొప్పున లెక్కిస్తే సుమారు 1,345 కోట్లు. బడి మరుగుదొడ్డి శుభ్రంగా ఉండడం అవసరమే, అందుకు ఆయాకు జీతం కావలసిందే. కాని అది ప్రభుత్వ భవన నిర్వహణ పద్దు. దాన్ని తల్లి ద్వారా తిప్పి తెచ్చినప్పుడు, సాయం పేరున ఇచ్చినదానిలో కొంత రుసుముగా వెనక్కి తీసుకున్నట్టే అవుతుంది. తల్లి చేత కట్టించారు గనుక బడి నిర్వహణ మీద ఆమెకు అడిగే హక్కు వచ్చిందన్న వాదన ఒకటి వినిపిస్తుంది. ఆ హక్కు పన్ను కట్టే ప్రతి మనిషికీ ముందే ఉంది.

జాతీయ గణాంక కార్యాలయం 2025 ఏప్రిల్ నుంచి జూన్ వరకు జరిపిన విద్యా సర్వే ప్రకారం, దేశంలో ప్రభుత్వ బడిలో చదివే విద్యార్థి మీద కుటుంబం ఏడాదికి సగటున పెడుతున్న ఖర్చు 2,863 రూపాయలు, ఇతర బడుల్లో 25,002 రూపాయలు. ప్రభుత్వ బడి పిల్లల్లో 26.7 శాతం మంది ఏదో ఒక ఫీజు కడుతున్నారు. అన్ని రకాల బడులూ కలిపి నూటికి 27 మంది ట్యూషన్‌కు వెళుతున్నారు. పదో తరగతికి వచ్చేసరికి సర్కారు బడి కుర్రవాడికి కూడా గైడ్లు, మాదిరి ప్రశ్నపత్రాలు, సాయంత్రం ట్యూషను అనే మూడు ఖర్చులు తప్పనిసరిగా మారుతున్నాయి, వీటిలో ఏ ఒక్కటీ ఏ కిట్టులోనూ ఉండదు.

సగటు చెప్పేది అంతవరకే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో చైల్డ్ పావర్టీ యాక్షన్ గ్రూప్ గత దశాబ్దంలో చేపట్టిన పని ఇంకాస్త పనికొచ్చే నమూనా: ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందన్న ప్రశ్నను పక్కనబెట్టి, పొద్దున బట్టలు తొడుక్కోవడం నుంచి సాయంత్రం ఇల్లు చేరడం వరకు ఒక బడి రోజులో ఎక్కడెక్కడ డబ్బు అడుగుతున్నారో పిల్లలనూ పంతుళ్లనూ కూర్చోబెట్టి రాయించారు. చింతలపూడి హైస్కూల్లో అలాంటి లెక్క రాయిస్తే దానిలో కుట్టుకూలి లోటు, నవంబరు ఫీజు, ఆదాయ పత్రం కోసం పోయిన కూలి రోజు, గైడ్ల ధర తప్పక కనబడతాయి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో వాటికి వరుస సంఖ్యలు లేవు.

ఎనిమిది కోట్ల లోపు

ఏటా పదో తరగతి పరీక్షలు రాసే రెగ్యులర్ విద్యార్థులు, ప్రైవేటు బడుల వారిని కలుపుకుని, ఆరు లక్షల పైచిలుకు. 2025లో ఆ సంఖ్య దాదాపు 6.19 లక్షలు. అందరికీ, ఏ ఆదాయ పత్రమూ అడగకుండా, 125 రూపాయల ఫీజు ఎత్తివేసినా ఖజానాకు తగ్గేది ఎనిమిది కోట్ల లోపే. అదే ఏడాది జూన్‌లో తల్లుల ఖాతాల్లో వేసినదానిలో అది వెయ్యో వంతు కూడా కాదు. ఢిల్లీ ప్రభుత్వం 2019-20లో తన బడుల్లోని పది, పన్నెండో తరగతి పిల్లల సీబీఎస్ఈ పరీక్ష ఫీజులు, ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువైనవి, తానే కట్టింది. అంత చేయలేమనుకున్నా మినహాయింపు పంక్తిలో 20 వేల స్థానంలో బియ్యం కార్డు అన్న రెండు మాటలు రాస్తే సగానికి పైగా చిక్కు తీరుతుంది, ఎందుకంటే ఆ కార్డు ఇప్పటికే ఇంట్లో ఉంది, దానికోసం ఎవరూ సచివాలయం మెట్లెక్కనక్కర లేదు. ఇలాంటి మార్పుకు ప్రారంభ సభ ఉండదు, సంచి మీద బొమ్మ ఉండదు. ఇన్నేళ్లుగా అది జరగకపోవడానికి బహుశా అదే కారణం.

దూరం, బస్సు, ఆ పై తరగతి

ఇక బడికి చేరే ఖర్చు సంగతి. 2022 జూన్ 10న వచ్చిన 117వ జీవో మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలల్లో కలపడానికి దారి తీయడంతో చిన్నపిల్లలకు బడి దూరమైందన్న ఫిర్యాదులు రాష్ట్రమంతటా వచ్చాయి. 2025 మేలో ఆ జీవోను రద్దు చేశారు. దూరపు ఆవాసాల పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏడాదికి 6 వేల రూపాయల వరకు రవాణా భత్యం ఇవ్వవచ్చు. ఆర్టీసీలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు, పదో తరగతి వరకు బాలికలకు ఉచిత పాసులుండగా, 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ వచ్చాక ఆడపిల్లలకు పాసు అవసరం కూడా తగ్గింది; పన్నెండు దాటిన మగపిల్లవాడు రాయితీ పాసు కొనుక్కోవాలి. పదో తరగతి గట్టెక్కి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చేరినవారికి 2025 జనవరి 4 నుంచి ‘డొక్కా సీతమ్మ’ పేరిట మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. అప్పటికి బడుల్లో భోజనం మొదలై ఇరవై రెండేళ్లు. పొద్దున ఏడింటికే తోటల మీదుగా నడిచొచ్చి బస్సెక్కే ఇంటర్ విద్యార్థి అంతకాలం ఇంటి క్యారేజీతోనో, అది లేకుండానో కళాశాలలో సాయంత్రం దాకా కూర్చున్నాడు.